పదహారు అంగుళాల మర్యాద

ఏడవ ప్రకరణం

కర్ణికారపురపు రాజగ్రంథాలయంలో తూర్పు కిటికీ పక్కన నిలబడి ఒక వృద్ధురాలు పాదాల నుంచి పైకి రాయిగా మారుతున్నది. గడియకు ఒక అంగుళం చొప్పున మారుతున్నది. ఆ రాజ్యంలో వేళ తప్పకుండా జరుగుతున్న పని అదొక్కటే.

ఆమె పేరు అక్షమాలాదేవి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ గ్రంథాలయానికి అధికారిణి. ధూమకంఠుడనే మాంత్రికుడు తెల్లవారగానే పొగ రూపంలో కిటికీలో దూరి, ఆమె పాదాల మీద చారెడు బూడిద చల్లి, వచ్చిన దారినే పోయాడు. రాతి తొడుగు అప్పటికే చీలమండలు దాటింది. అది పెదవుల దాకా వస్తే మాట పోతుంది. ముక్కు దాకా వస్తే ప్రాణం పోతుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. శిలామోచన మంత్రం చదివితే రాయి మళ్లీ మనిషి అవుతుంది. ఆ మంత్రం ఆమెకు మూడు మూరల దూరంలో, అదే గదిలో, ఒక ఇనుప పెట్టెలో ఉంది. పెట్టెకు ఒక పిడి ఉంది. పిడిని ఇన్ని చుట్లని సరిగ్గా తిప్పి కిందికి నొక్కితే మూత లేస్తుంది. ఒక్క చుట్టు ఎక్కువైనా, తక్కువైనా, మధ్యలో చెయ్యి వదిలినా లోపల నిప్పు రాజుకుని మంత్రం బూడిద అవుతుంది. ఆ చుట్లు ఎన్నో భూమి మీద ఒక్క మనిషికీ తెలియదు. అక్షమాలాదేవికీ తెలియదు. ఆ ఏర్పాటు చేసింది ఆవిడే.

"ఇదేం ఏర్పాటమ్మా!" అని నెత్తి కొట్టుకున్నాడు మహామంత్రి గంభీరదత్తుడు. "కాస్త మాకు చెప్పి ఉంటే మేమైనా గుర్తు పెట్టుకునేవాళ్లం గదా!"

"మీరు గుర్తు పెట్టుకున్న వైభవం చూశాకే ఇలా చేశాను" అన్నది అక్షమాలాదేవి.

మంత్రిగారి వైభవం ఇది. పదిహేనేళ్ల కిందట, మంత్రం భద్రంగా ఉండాలని ఆయన తొమ్మిది ప్రతులు రాయించాడు. తొమ్మిదింటినీ ఒకే గదిలో, ఒకే పెట్టెలో, ఒకే తాళం కింద పెట్టించాడు. తాళంచెవి ఎక్కడ పోతుందోనని ఆ పెట్టె పక్కనే మేకుకు తగిలించాడు. ఏ దొంగ అయినా ఒక్క ప్రతి ఎత్తుకుపోతే చాలు, మంత్రమంతా పోయినట్టే. అదృష్టవశాత్తూ దొంగల కన్నా చెదపురుగులు ముందు వచ్చాయి. తొమ్మిది ప్రతులనూ వరస తప్పకుండా తిన్నాయి. మిగిలింది మూలప్రతి ఒక్కటే. నగరానికి ఉత్తరాన కొండ మీద పాత యుద్ధంలో శిలలైపోయిన పదివేల మంది సైనికులు నేటికీ నిలబడి ఉన్నారు. మంత్రం ఎవరి చేతిలో ఉంటే ఆ సైన్యం వాళ్లది. ధూమకంఠుడికి కావలసింది అదే.

అందుకని అక్షమాలాదేవి మూలప్రతిని ఇనుప పెట్టెలో పెట్టి, పెట్టె నుంచి సమాన దూరాలలో వరసగా ఐదు గుంజలు పాతించింది. ఒక తాడును తిన్నగా, ఏటవాలుగా, పెట్టె నుంచి ఐదో గుంజ దాకా లాగి కట్టించింది. తాడు కొస పెట్టెలోని యంత్రానికి బిగించి ఉంది. అక్కడ తాడు ఎన్ని అంగుళాల ఎత్తున ఉందో అన్ని చుట్లు. ఆ సంగతి యంత్రానికి తెలుసు, మనిషికి తెలియదు. తరవాత ఐదుగురు కావలివారిని కళ్లకు గంతలు కట్టి తెచ్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క గుంజ దగ్గర గంత విప్పి, అక్కడ తాడు ఎత్తు ఎంతో, తాను చూడకుండా, చూపించి, మళ్లీ గంత కట్టి, ఒకరికొకరు కనపడనంత దూరాలకు పంపేసింది. గుంజలు పీకించింది. తాడు కాల్పించింది.

ఒక్క గుంజ దగ్గరి ఎత్తు తెలిసినవాడికి ఏమీ తెలియదు. ఆ ఒక్క గుంజను బట్టి తాడు ఎటు వాలి ఉంటుందో ఎవరు చెప్పగలరు? రెండు గుంజల ఎత్తులు తెలిస్తే తాడంతా తెలుస్తుంది. అందువల్ల ఎవరో ఒకరు చచ్చినా, మరిచినా, శత్రువుకు చిక్కినా ప్రమాదం లేదు.

"కొండా, ఇలా రా" అని పిలిచింది అక్షమాలాదేవి తన శిష్యురాలిని.

కొండసాని ముందుకు వచ్చింది. తాళ్లు పేనే ఇంటి ఆడపిల్ల. ఇరవై మూడేళ్లు. నడుముకు ఎప్పుడూ పదిబారల నులకతాడు చుట్టుకుని ఉంటుంది. చిన్నప్పుడు ఆ తాళ్ల మీద పాకుతూ గ్రంథాలయం పైకప్పు బాగుచెయ్యడానికి వచ్చి, కింద పుస్తకాలు చూసి దిగిపోయిన పిల్ల. అమ్మా నాన్నా పోయాక ఆమెకు ఉన్నది ఈ రాయవుతున్న మనిషి ఒక్కతే.

"నా ఉంగరం తీసుకో. ఇది చూపిస్తేనే కావలివారు నోరు విప్పుతారు. ఒక్క మాట గుర్తుంచుకో. పెట్టె తెరవడానికి రెండు సంఖ్యలు చాలు. తప్పు ఉందని తెలుసుకోవడానికి మూడు కావాలి. తప్పు ఎవరిదో తెలుసుకోవడానికి నాలుగు కావాలి."

"ప్రాణం మీదికొస్తే రెండింటితో సరిపెట్టుకోమంటారా అమ్మా?"

"ప్రాణం నాది. తొందర నీకెందుకు?"

కొండసాని వెంట ఎవరిని పంపాలన్న విషయం మీద మంత్రివర్గం మూడు అంగుళాల సేపు చర్చించింది. సేనాపతి గుర్రపుదళం అన్నాడు. ఆస్థాన జ్యోతిష్కుడు ఏనుగు అన్నాడు. చివరకు ఒక గొడుగు పట్టేవాణ్ణి పంపడానికి ఏకాభిప్రాయం కుదిరింది. వాడి పేరు వినయుడట. సన్నగా, నున్నగా, గడ్డం మీసం లేకుండా ఉన్నాడు. నిన్ననే కొలువులో చేరాడు. ఎక్కడి నుంచి వచ్చావని అడిగినవాడు లేడు.

ఒంటిగుర్రపు బండి ఎక్కి ఇద్దరూ బయలుదేరారు. కొండసాని సూర్యుణ్ణి చూసి వేళ కట్టలేదు. గురువుగారి ఒంటి మీద కట్టింది.

మొదటి కావలివాడు భీమరథి పూర్వం మహామల్లుడు. తాటిదూలాల్లాంటి చేతులు ఇప్పుడు వడలి, మోకాళ్లకు ఆముదం రాసుకుంటూ అరుగు మీద కూచుని ఉన్నాడు. ఉంగరం చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"మరిచిపోకూడదని, అమ్మాయీ, రోజూ పొద్దున్నే సరిగ్గా అన్ని బస్కీలు తీసేవాణ్ణి."

"ఇప్పుడెన్ని తీస్తున్నారు బాబాయ్?"

"ఇరవై రెండు."

"అయితే ఇరవై రెండా?"

"అబ్బే. మోకాళ్లు పట్టేశాయి గదా. ఏటా కొన్ని తగ్గించుకుంటూ వచ్చా."

"ఏటా ఎన్ని?"

"ఓపికను బట్టి" అని తల వంచుకున్నాడు మల్లుడు. "పోనీ, ఏదో ఒకటి చెప్పనా? అంత దూరం నుంచి వచ్చావు, వట్టి చేతుల్తో పంపడం బాగుండదు."

"వద్దు బాబాయ్! తెలియదన్నారు, అదే పదివేలు" అని కొండసాని ఆయన కాళ్లకు దండం పెట్టి బండి ఎక్కింది. తెలియదనే మనిషి వల్ల ఒక సంఖ్య పోతుంది, అంతే. తెలిసినట్టు చెప్పే మనిషి వల్ల మిగిలిన సంఖ్యలు కూడా పాడవుతాయి. ఈ ఇంగితం భీమరథికి ఉంది. రాజసభలో ఎందరికి ఉందో లెక్క కట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు, అందులోనూ కొన్ని మిగులుతాయి.

రెండో కావలి మనిషి బాతుల బూచమ్మ. కలువలూ తామరలూ కలిసి విరిసి, పచ్చల పళ్లెంలో కెంపులు పోసినట్లున్న ఒక మహాసరస్సు ఒడ్డున, మోకాలి లోతు బురదలో ఆమె నివాసం. ఎన్ని అంగుళాలో అన్ని బాతులను పెంచుతున్నది. ప్రతి సాయంత్రం లెక్క చూస్తుంది. నక్క ఒకదాన్ని పట్టుకుపోతే మర్నాడు తెల్లారేసరికి మరొకటి తెచ్చి కలుపుతుంది. కొత్త పిల్ల పుడితే ఒకదాన్ని పొరుగూరికి ఇచ్చేస్తుంది. పన్నెండేళ్లలో పాత బాతు ఒక్కటీ మిగలలేదు గాని, లెక్క మాత్రం చెక్కుచెదరలేదు.

"నోటితో చెప్పను. మా నోళ్లకేం, ఏవైనా వాగుతాయి. నువ్వే లెక్కెట్టుకో" అని బూచమ్మ తడిక తీసింది.

ఎండ తలమీద ఉండగా బాతులన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. ఒకటి కొండసాని తలమీంచి ఎగిరింది. నాలుగు గొడుగు కింద దూరాయి. వినయుడు బురదలో జారి వెల్లకిలా పడి, పడ్డచోటనే వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. గొడుగు పట్టేవాడికి లెక్కతో పనేమిటని కొండసానికి తోచవలసింది. తోచలేదు. ఆమె నడుము తాడు విప్పి, ఒడ్డున రెండు మొద్దులకు అడ్డంగా కట్టి, బాతులను దాని కింది నుంచి ఒక్కొక్కటిగా దూరేలా తోలి, మూడుసార్లు లెక్కపెట్టింది.

"డెబ్బై తొమ్మిది" అన్నది.

"డెబ్బై తొమ్మిదే" అన్నాడు వినయుడు బురదలోంచి, అవసరానికి మించిన సంతోషంతో.

రాయి తొడల దాకా వచ్చిన వేళకు వాళ్లు స్వస్తిపురం చేరారు. మరకత తోరణాలు, పసుపు అలికిన గడపలు, గుమ్మం గుమ్మానికీ పన్నీటి చెంబులు, ఎదురయ్యే ప్రతి మనిషి నుదుటా అరచేతి వెడల్పు కుంకుమ. అశుభమైన మాట ఒక్కటైనా ఆ ఊళ్లో వినపడదు. అక్కడ ఉత్సవాధికారి శుభాంకరశాస్త్రి మూడో కావలివాడు. ఆయన ఇంటి ముందు పది మెట్లున్నాయి. ఆ పైన గాలిలోకి లేచి, ఎక్కడికీ పోకుండా ఆగిపోయిన పదకొండో మెట్టు ఒకటి ఉంది. కొండసాని దాని మీద కాలు పెట్టి కిందపడింది.

"నూట పదహారేళ్లు చల్లగా బతుకు తల్లీ!" అని శాస్త్రి పరుగున వచ్చి లేవదీశాడు. పానకం ఇచ్చాడు. ఉంగరాన్ని కళ్లకద్దుకున్నాడు. వినయుడు వెనకనే గొడుగు పట్టుకుని ఉండగా, ఆమె చెవి దగ్గరికి వంగి, ఎంతో గౌరవంగా, "నూట పదహారు" అన్నాడు.

"రూఢిగా చెబుతున్నారా శాస్త్రిగారూ?"

"ఎంత మాట! మా ఇంట్లో తప్పు సంఖ్య పలకడమా?"

కొండసాని మనసులోనే తాడు లాగింది. రెండో గుంజ డెబ్బై తొమ్మిది, మూడో గుంజ నూట పదహారు. గుంజకు ముప్పై ఏడు పెరుగుదల. వెనక్కి వస్తే మొదటి గుంజ నలభై రెండు, పెట్టె దగ్గర ఐదు. ఐదు చుట్లు!

ఆమె వాకిట్లోకి వచ్చేసరికి బండి లేదు, గుర్రం లేదు, వినయుడు లేడు. గొడుగు మాత్రం ఉంది. పట్టేవాడు లేకుండా, తనంతట తాను గాలిలో నిటారుగా నిలబడి ఉంది. కొండసాని ముట్టుకోగానే అది ఫక్కున నవ్వి, గబ్బిలమై ఎగిరిపోయింది. వీధి చివర దుమ్ములో, బండి మీద, ఏడు మూరల గడ్డం జెండాలా రెపరెపలాడుతూ కనిపించింది.

అప్పుడు ఆమెకు సమస్తం అర్థమైంది. కావలివారు మాంత్రికుడికి నోరు విప్పరు. అక్షమాలాదేవి శిష్యురాలికి విప్పుతారు. శిష్యురాలు కదలాలంటే గురువు ప్రాణం మీదికి రావాలి. అందుకే ధూమకంఠుడు బూడిద చల్లాడు. తాను తిరుగుతున్నంతసేపూ వాడు వినయుడి వేషంలో గొడుగు పట్టి పక్కనే ఉన్నాడు.

వెనక్కి పరుగెత్తాలా, ముందుకు పోవాలా? ఐదు సరైనదైతే ధూమకంఠుడు ఎలాగూ ముందే చేరతాడు, తాను కాళ్లీడ్చుకుంటూ వెనక్కి పోయి చెయ్యగలిగింది ఏమీ లేదు. ఐదు తప్పయితే వాడు మంత్రాన్ని తగలబెడతాడు, దాన్ని ఆపాలంటే ఒప్పేదో తనకు తెలియాలి. రెండు విధాలా ముందుకే దారి. కొండసాని తాడు బిగించుకుని నడక అందుకున్నది.

నాలుగో కావలి ఒక రాక్షసి, పేరు లోలజిహ్విక. ఎర్రని కొండచరియలో నిద్రపోతున్న మేఘంలా పడి ఉంది. అక్షమాలాదేవి ఆమెను ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. రాక్షసుల పళ్లు వాటంతటవి ఊడవు. నాలుగో గుంజ దగ్గర తాడు ఎత్తు చూసినప్పుడే ఆమె అన్ని పళ్లే ఉంచుకుని మిగతావి పీకించుకుంది.

"ఏవమ్మోయ్, ఎవత్తివి?" అన్నది రాక్షసి ఒక కన్ను తెరచి. ఉంగరం చూడగానే నోరు తెరచింది. "వచ్చి లెక్కెట్టుకో. మింగకుండా ఉండాలనే చూస్తాను గానీ, నాకు నిద్ర లేవగానే ఎక్కిళ్లొస్తాయి. ముందే చెప్తన్నా, తరవాత నన్ననకు."

కొండసాని తాడును పైకోరకు ముడివేసి, కొసను మడమకు చుట్టి, తలకిందులుగా ఆ నోట్లోకి దిగింది. పైవరస అరవై ఒకటి. కింది వరసలో నలభై దాకా వచ్చేసరికి మొదటి ఎక్కిలి వచ్చింది. తాడు గంట నాలుకలా ఊగి, కొండసాని వెళ్లి రాక్షసి కొండనాలుకకు కొట్టుకుని తిరిగివచ్చింది. రెండో ఎక్కిలికి నోరు సగం మూసుకుంది. కొండసాని తలగుడ్డ ఒక దవడపన్నుకు గుచ్చుకుని మిగిలిపోయింది. "యాభై తొమ్మిది, అరవై!" అని అరిచి తాడు పట్టుకుని బయటకు ఎగబాకేసరికి మూడో ఎక్కిలికి పళ్లన్నీ కోటతలుపుల్లా టప్పున పడ్డాయి.

"ఎన్నొచ్చాయి?" అన్నది రాక్షసి.

"నూట ఇరవై ఒకటి."

"ఒక్కటి తగ్గినా నా పేరు మార్చుకుందును" అని గర్వంగా మూతి తుడుచుకున్నది లోలజిహ్విక. "ఏమిటే, ఏడుపు మొహం పెట్టావు?"

"డెబ్బై తొమ్మిది, నూట పదహారు, నూట ఇరవై ఒకటి. ఒక గుంజకు ముప్పై ఏడు పెరిగి, పక్క గుంజకు ఐదే పెరుగుతుందా పిన్నీ? తిన్నగా లాగిన తాడు అలా వంగదు. ఎవరో తప్పు చెప్పారు."

"నేను కాదు!"

"ముగ్గురూ ఆ మాటే అంటారు. ఐదో గుంజ చూస్తే గాని తేలదు. రాయి ఈపాటికి రొమ్ముల దాకా వచ్చి ఉంటుంది."

తన పళ్ల మీద సందేహం రావడం రాక్షసి భరించలేకపోయింది. ఆమె కొండసానిని ఎత్తి బుగ్గలో పెట్టుకుని, రెండు అంగల్లో యోజన దూరం దాటి, ఆకాశంలోకి పొడుచుకుపోయిన ఒక ఒంటిరాతి గుట్ట ముందు ఉమ్మింది. గుట్టకు మెట్లు చెక్కి ఉన్నాయి. పైన ఐదో కావలివాడు, మౌనవ్రతంలో ఉన్న ఒక ముని. ఆయన చెప్పడు, చెప్పనక్కరలేదు. ఐదో సంఖ్య ఆయన చెక్కిన ఆ మెట్లే. ఎక్కుతూ లెక్కపెట్టింది, నూట నలభై రెండు. దిగుతూ లెక్కపెట్టింది, నూట నలభై రెండు.

కొండసాని కింది మెట్టు మీద కూలబడి వేళ్లు ముడిచింది. నాలుగో గుంజ నుంచి ఐదోదానికి ఇరవై ఒకటి. రెండో గుంజ నుంచి నాలుగోదానికి, రెండు గుంజల మేర, నలభై రెండు. అంటే గుంజకు ఇరవై ఒకటే! బాతులూ, పళ్లూ, మెట్లూ ఒకే తాడు మీద ఉన్నాయి. ఆ తాడు మీద మూడో గుంజ దగ్గర ఉండవలసింది నూరు. శాస్త్రి చెప్పింది నూట పదహారు.

"అబద్ధమాడాడా ముసలాడు? చెప్పు, ఒక్క గుటకలో మింగేస్తా" అన్నది రాక్షసి.

కొండసానికి గాలిలోకి లేచిన పదకొండో మెట్టు గుర్తుకొచ్చింది. నూట పదహారేళ్ల దీవెన గుర్తుకొచ్చింది. లోకమంతా నూరేళ్లు బతకమని దీవిస్తే, ఆయన ఆ సున్నాలను వట్టిగా వదలలేక పైన పదహారు వేశాడు.

"అబద్ధం కాదు పిన్నీ" అన్నది ఆమె, నవ్వాలో ఏడవాలో తెలియక. "మర్యాద. సున్నాతో ముగిసే సంఖ్య అశుభమని వాళ్ల నమ్మకం. గురువుగారి ఉంగరం ముందు వట్టి నూరు పలకడానికి ఆయనకు నోరు రాలేదు. పన్నెండేళ్లు ప్రాణంలా దాచిన సంఖ్యకు శుభం కోసం పదహారు కలిపి ఇచ్చాడు."

అంటే పెట్టె దగ్గర ముప్పై ఏడు. ధూమకంఠుడి లెక్కలో ఐదు. వాడు ఐదు చుట్లు తిప్పి పిడి నొక్కితే మంత్రం బూడిద.

"పిన్నీ! ఆ మాంత్రికుణ్ణి కాపాడాలి, పద!"

రాక్షసి నూట ఇరవై ఒక్క పళ్లూ బయటపెట్టి వింతగా చూసింది. తరవాత మళ్లీ బుగ్గ తెరిచింది.

ధూమకంఠుడు నిజానికి రాత్రే నగరం చేరాడు. కాని గ్రంథాలయంలో అతను వెంటనే అడుగుపెట్టలేకపోయాడు. పొగ దూరిన వేళ నుంచి మంత్రివర్గం కిటికీలన్నీ మూయించి, లోపలికి వెళ్లేవారు అనుమతి కోరుతూ తొమ్మిది ప్రతుల విన్నపం స్వహస్తంతో రాసి ఇవ్వాలని నియమం పెట్టింది. ఎనిమిదో ప్రతిలో ఒక కొమ్ము తప్పిందని గుమాస్తా మొదటి నుంచి రాయించాడు. ఆ రాజ్యపు కార్యాలయాలు శత్రువుకు చేసిన నష్టం చరిత్రలో అదొక్కటే.

కొండసాని పైకప్పు పెంకులు తొలగించి, తాడు పట్టుకుని లోపలికి జారేసరికి రాయి అక్షమాలాదేవి గడ్డం అంచుకు తాకి ఉంది. ధూమకంఠుడు నిజరూపంలో పెట్టె మీదికి వంగి ఉన్నాడు. ఐదో చుట్టు అప్పుడే పూర్తయింది. నొక్కడానికి మోచెయ్యి లేచింది.

"ఆగు! నొక్కకు! నీ లెక్క తప్పు!"

మాంత్రికుడు తల తిప్పి ఇకిలించాడు. "వచ్చావా పిల్లా! నీ పక్కన నిలబడి విన్నానే. ఆ బాతులు నేనూ లెక్కపెట్టాను. ఆ పంతులు చెప్పింది నా చెవులారా విన్నాను."

"నువ్వు రెండు చూశావు. నేను నాలుగు చూశాను. నీ రెండింటిలో ఒకటి తప్పు."

"ఏది?"

"చెప్పను."

ధూమకంఠుడి మొహం మెల్లగా నల్లబడింది. రెండు సంఖ్యలు ఉన్నాయి, ఒకటి తప్పు. ఏది తప్పో తెలియదు, ఎంత తప్పో తెలియదు. ఏమీ తెలియనివాడికీ అతనికీ ఇప్పుడు తేడా లేదు. పైగా చెయ్యి వదలడానికి లేదు, నొక్కడానికి లేదు.

"నన్ను ఆపడానికి బొంకుతున్నావు!"

"ఆపితే నాకేం లాభం?" అన్నది కొండసాని. "ఆవిడ గడ్డం చూడు. నీ కన్నా తొందర నాకు."

"పిల్ల చెప్పింది సబబుగానే ఉంది" అన్నది అక్షమాలాదేవి దవడ కదపకుండా. "నాయనా, పన్నెండేళ్లు విద్య నేర్చావట. మూడో సాక్షిని అడగాలని మీ గురువు చెప్పలేదా?"

మాంత్రికుడు పళ్లు నూరాడు. నూరి, చివరకు, "రా. నా చెయ్యి మీద చెయ్యి వెయ్యి. ఇద్దరం కలిసి తిప్పుదాం. నీ గురువు ప్రాణం కోసం నువ్వు సరిగ్గానే ఆపుతావు" అన్నాడు.

అలా ఇద్దరు శత్రువులు భుజం భుజం ఆనించి పిడి తిప్పారు. ఆరు, ఏడు, ఎనిమిది. మాంత్రికుడు పైకి లెక్కపెట్టాడు. ఇరవై దగ్గర అతని గడ్డం కొస మరచక్రంలో పడింది. ముప్పై దగ్గర మూడు చుట్లు చుట్టుకుంది. "ముప్పై ఆరు" అన్నాడు గొంతు బిగుసుకుపోతూ. "ముప్పై ఏడు."

"ఇప్పుడు" అన్నది కొండసాని.

నొక్కారు. మూత లేచింది. లోపల మంత్రం లేదు. మూడు తాటాకులు ఉన్నాయి. వాటి పక్కన అక్షమాలాదేవి దస్తూరిలో ఒక చీటీ ఉంది: *ఒక్క ఆకులో ఏమీ లేదు. ఏ రెండు కలిపి చూసినా అంతా ఉంది.*

"ఇంకోసారా!" అని మాంత్రికుడు బావురుమన్నాడు.

"పెట్టె ఒక్కటే గదా" అన్నది అక్షమాలాదేవి. "ఒక్క ఆకులోనే అంతా పెడతానా?"

పిడి వదిలితే మూత పడుతుంది. ఇద్దరికీ ఒక్కొక్క చెయ్యే ఖాళీ. అతని చెయ్యి ఒక ఆకును పట్టింది. ఆమె చెయ్యి ఒక ఆకును పట్టింది. మూడోదాని కోసం ఇద్దరూ ఒకేసారి తల వంచారు. గడ్డం లాగి పట్టడం వల్ల మాంత్రికుడి తల జానెడు దూరంలో ఆగిపోయింది. కొండసాని ఆకును పళ్లతో కరచి లేచింది.

రెండు ఆకులు ఆమెవి. కాని కలిపి చదవడానికి నోరు లేదు, నోట్లో ఆకు ఉంది. ఉమ్మితే మాంత్రికుడి కాళ్ల దగ్గర పడుతుంది. వాడు ఆకు పట్టిన చేతి వేళ్లతోనే పిడి మీది ఆమె మణికట్టును ఇనుపకడియంలా పట్టుకుని ఉన్నాడు, వదలడు. ఆమె మెడ సాచి, చెయ్యి సాచి, రెండు ఆకులనూ పక్కపక్కన గురువుగారి కళ్ల ముందు నిలిపింది.

అక్షమాలాదేవి చూసింది. రాయి కింది పెదవి అంచున పాకుతున్నది.

"నోట్లోది తలకిందులుగా ఉంది, కొండా" అన్నది.

ఆకు తిప్పడానికి మూడో చెయ్యి లేదు. తిప్పగలిగింది తననే. కొండసాని మాంత్రికుడి పట్టునే ఆధారం చేసుకుని, పెట్టె అంచును ఒక్క తన్ను తన్ని, కాళ్లు పైకప్పు వైపు లేపి, రాక్షసి నోట్లో వేలాడినట్టే నిటారుగా తలకిందులై నిలిచింది. చేతిలోని ఆకును మళ్లీ సరిచేసి పట్టింది.

"అదీ" అన్నది అక్షమాలాదేవి, మిగిలిన పై పెదవితో, మంత్రపు మొదటి అక్షరం పలకడానికి ఊపిరి తీసుకుంటూ.